ఒక్కరి గుడారం

గుడారం వేసుకుని ఏ నీళ్ళ ఒడ్డునో రెండు రోజులు ఉండివద్దామన్న మాట మొట్టమొదట వచ్చింది ఇల్లాలి నోటినుంచే. ఆ సంగతి ఇప్పుడు ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. ఆయన అది తన ఆలోచనే అనుకుంటున్నాడు. పెద్దమ్మాయి తన స్నేహితురాలు వెళ్ళొచ్చిందని చెప్పడంతో మొదలైందంటోంది. చిన్నది సరేసరి, లోకంలో పుట్టిన ప్రతి మంచి ఆలోచనా తనదే. అత్తగారు మాత్రం, "ఇల్లుండగా గుడ్డలో పడుకోవాలన్న బుద్ధి ఎవరికి పుట్టిందో గానీ!" అని దీర్ఘం తీసి, ఆ నోటితోనే తనకో ఉన్ని టోపీ కొనమని కొడుకుతో చెప్పింది.

ఇల్లాలు ఎవర్నీ సరిదిద్దలేదు. పని జరిగితే చాలు, పేరెవరిదైతేనేం అనుకునే మనిషి. పై వాటాలో ఉండే నర్సు ఒకరోజు మెట్ల మీద నిలబడి చెప్పిన కబురది. సరస్సు ఒడ్డున పడుకుందట. పొద్దున్నే లేచి గుడారం తలుపు తీసిందట. "ఏం కనిపించింది?" అని అడిగితే, "చెబితే తెలిసేది కాదండీ, చూడాల్సిందే" అని నవ్వి, డ్యూటీకి ఆలస్యమవుతోందంటూ వెళ్ళిపోయింది. ఆ సగం మాట మూడు నెలలుగా ఇల్లాలిని వదల్లేదు. గిన్నెలు తోముతున్నా అదే, బట్టలు ఆరేస్తున్నా అదే. వెళ్ళాలని ఉంది. ఆ తలుపు తీసి చూడాలని ఉంది. ఇద్దరు పిల్లల తల్లికి ఇంత గట్టి కోరిక పుట్టడం ఆమెకే కొంచెం సిగ్గుగా ఉంది కూడా.

ప్రయాణం శనివారం. మంగళవారం పదకొండు గంటలప్పుడు స్టవ్వు మీద పాలు పెట్టి, గుడారాలు అద్దెకిచ్చే కొట్టుకు ఫోన్ చేసింది.

"ఎంతమందమ్మా?" అన్నాడు కొట్టాయన బొంగురు గొంతుతో.

అప్పుడే పాలు పొంగుకొచ్చాయి. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, గిన్నె దించుతూ, రోజూ కంచాలు పెట్టేటప్పుడు లెక్కపెట్టే వరసలోనే లెక్కపెట్టింది. అత్తయ్య, ఆయన, పెద్దది, చిన్నది. "నలుగురండీ" అంది. కొట్టాయన నలుగురు పట్టే గుడారం, నాలుగు పరుపులు, నాలుగు స్లీపింగ్ బ్యాగులు అని రాసుకున్నాడు. ఆ సాయంత్రం ఆయన ఆఫీసునుంచి వస్తూ అన్నీ ఆటోలో వేయించుకుని వచ్చాడు.

ఆయనది ఇళ్ళ ప్లాన్లు గీసే ఆఫీసులో ఉద్యోగం. ఏ వస్తువునైనా కొలిచిగానీ నమ్మడు. ఆఫీసులో అందరూ ఆయన్ని 'స్కేలు' అంటారు, ఆ పేరంటే ఆయనకు లోలోపల గర్వం. వచ్చీ రాగానే చొక్కా అయినా మార్చుకోకుండా, గళ్ళకాగితం పరిచి గుడారానికి ప్లాను గీశాడు. నాలుగు పొడుగాటి గళ్ళు. ఒక్కోదాంట్లో గుండ్రటి అక్షరాలతో అమ్మ, నేను, పెద్దది, చిన్నది అని రాసి, చెప్పులు ఎక్కడ విడవాలో, టార్చి ఎక్కడ వేలాడాలో బాణాలు వేసి, ఫ్రిజ్ తలుపుకు అంటించాడు. బుధవారమంతా ఆ కాగితం అక్కడే ఉంది. ఇల్లాలు ఆ తలుపు ఇరవైసార్లు తీసి వేసి ఉంటుంది. ప్లాను చూసింది, బాగుందని మెచ్చుకుంది కూడా. అందులో తాను లేనని ఆమెకూ తట్టలేదు, గీసినాయనకూ తట్టలేదు.

తట్టడానికి తీరికేదీ? ఉప్పు, పంచదార, టీపొడి చిన్నచిన్న సీసాల్లోకి ఎత్తి, మూతల మీద కాగితం ముక్కలు అంటించింది. సబ్బుబిళ్ళను కత్తితో నాలుగు ముక్కలు కోసింది. ఒక్కొక్కరి బట్టలూ ఏ రోజువి ఆ రోజుకు చుట్టలు చుట్టి, రబ్బరు బ్యాండ్లు వేసింది. నర్సు దగ్గర అడిగి తెచ్చిన చిన్న గ్యాసు స్టవ్వును బాల్కనీలో వెలిగించి, గాలి కొడితే మంట ఎటు వంగుతుందో చూసి, పాత పళ్ళెం ఒకటి దానికి అడ్డు పెట్టుకోవాలని తేల్చుకుంది. అత్తగారి మోకాళ్ళకు కింద కూర్చోవడం కష్టమని, రెండు దిండ్లు కలిపి మందంగా కుట్టింది. పిల్లల సంచుల బరువు ఎత్తి చూసి, చిన్నదాని సంచిలోంచి మూడు గులకరాళ్ళు తీసింది.

"అవి ఎందుకే?"

"అక్కడ రాళ్ళు లేకపోతేనో?" అంది చిన్నది.

బుధవారం సాయంత్రం ఆయన, "ఇంట గెలిచి రచ్చ గెలవాలి" అంటూ హాల్లోనే గుడారం వేసి చూద్దామన్నాడు. సోఫాను గోడకు జరిపారు. టేబుల్‌ను పడగ్గదిలోకి మోశారు. గచ్చులో మేకులు దిగవు గనక, తాళ్ళను ఒకటి సోఫా కాలికి, ఒకటి తలుపు గొళ్ళేనికి, ఇంకొకటి కుట్టుమిషనుకు కట్టారు. ఏ కడ్డీ ఏ గొట్టంలోంచి దూరాలో తండ్రికీ పెద్దమ్మాయికీ పావుగంట వాదన అయింది. చివరికి ఇల్లాలు పరికిణీకి నాడా ఎక్కించినట్టు కడ్డీని గుడ్డలోంచి మెల్లిగా తోసుకుంటూ పోయేసరికి గుడారం లేచి నిలబడింది. అందరూ చప్పట్లు కొట్టారు.

"పదండి, పడుకుని చూద్దాం" అన్నాడాయన.

ముందు చిన్నది దూరింది. తర్వాత పెద్దది. అత్తగారిని ఇల్లాలు చెయ్యి పట్టి వంచి, మోకాలు తగలకుండా లోపలికి పంపింది. ఆయన కూడా దూరి, "జిప్పు వెయ్యవోయ్, ఎలా ఉంటుందో చూద్దాం" అన్నాడు. ఇల్లాలు బయటినుంచి జిప్పు వేసింది. లోపల ఒకటే నవ్వులు.

"ఊపిరాడుతోందా అత్తయ్యా?"

"హాయిగా ఉందే! ఆ మంచం కంటే ఇదే నయం" అంది అత్తగారు. మూడు రోజులుగా గుడ్డలో పడుకోవడమేమిటని సాధిస్తున్నది ఆవిడే.

"అయితే కాస్త జరగండి, నేనూ వస్తా" అని ఇల్లాలు జిప్పు తీసింది. లోపల ఈ గుడ్డనుంచి ఆ గుడ్డదాకా నాలుగు బ్యాగులు, నాలుగు తలలు. కాలు పెట్టడానికి సందు లేదు. చిన్నది పడుకున్నచోటునుంచే వేలితో అందర్నీ లెక్కపెట్టింది. "ఒకటి, రెండు, మూడు, నాలుగు..." ఆ వేలు గుమ్మం దగ్గర వంగి నిలబడ్డ తల్లి దగ్గర ఆగింది. "అమ్మ ఐదు!"

నలుగురూ తలలెత్తి ఆమెను చూశారు. ఆ తర్వాత అందరికంటే ముందు నవ్వింది ఇల్లాలే. "నా మతి మండా! కొట్టాయనతో నలుగురని నేనే చెప్పాను" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతుంటే, మిగతావాళ్ళూ పడీపడీ నవ్వారు. "ఇదెక్కడి చోద్యమే, వంటచేసి ఉప్పు మరిచిపోయినట్టు!" అంది అత్తగారు కళ్ళు తుడుచుకుంటూ.

ఆయన వెంటనే టేపు తెచ్చి కొలిచాడు. గుడారం వెడల్పు రెండు వందల ఇరవై సెంటీమీటర్లు. "నలుగురైతే మనిషికి యాభై అయిదు. ఐదుగురైతే నలభై నాలుగు. చిన్నదానికి చాలు. పెద్దది ఒక పక్కకు తిరిగి పడుకుంటే చాలు. అమ్మకే అరవై కావాలి."

"ఏరా, కన్నతల్లిని టేపెట్టి కొలుస్తావురా?"

"కొలత కొలతేనమ్మా."

"రేపు పెద్ద గుడారం అడుగుతాలెండి" అంది ఇల్లాలు. గుడారం విప్పి, కడ్డీలు విడదీసి, మేకులు లెక్కపెట్టి సంచిలో వేసింది.

గురువారం ఫోన్ చేస్తే కొట్టాయన, "ఈ వారాంతానికి పెద్దవన్నీ వెళ్ళిపోయాయమ్మా. వచ్చేవారమైతే ఎన్ని కావాలంటే అన్ని" అన్నాడు. వచ్చేవారం ఆయనకు సెలవు లేదు, పెద్దమ్మాయికి పరీక్షలు. సాయంత్రం భోజనాల దగ్గర ఆ సంగతి చెప్పింది. ఆయన ప్లాను కాగితం కంచం పక్కన పెట్టుకుని పెన్సిలుతో అటు గీసి ఇటు గీసి చెరిపాడు. నలుగురూ తింటున్నారు. ఇల్లాలు గరిటె పట్టుకుని నిలబడి ఉంది. ఆ కాగితం మీది నాలుగు గళ్ళు చూస్తుంటే, ఎవరూ అనకముందే ఆమె నోటినుంచే మాట జారింది.

"పోనీ, నేనుండిపోతాలెండి."

అని ఆగింది. 'అదేం మాట, అలా కుదరదు' అని ఒక్కరైనా అంటారని చూసింది. వాళ్ళు అంటే, కాసేపు బతిమాలించుకుని ఒప్పుకుందామనుకుంది కాబోలు, లేకపోతే ఆ మాట అంత తేలిగ్గా ఎందుకంటుంది? అత్తగారు తలెత్తి, "నువ్వెందుకే, నేనుంటాను. ముసలిదాన్ని, నాకెందుకీ సరదాలు" అంది. అయితే ఉన్ని టోపీ అప్పటికే ఆవిడ నెత్తిమీద ఉంది. కొన్న గంటనుంచీ తీయలేదు.

"అబ్బే, మీరు వెళ్ళాల్సిందే అత్తయ్యా."

"సరే అయితే" అంది అత్తగారు, చాలా తొందరగా.

"నీ ఇష్టం మరి" అన్నాడు ఆయన, ఒక చిక్కు వదిలినవాడిలా పెన్సిలు చెవి మీద పెట్టుకుంటూ. "నీకూ రెండ్రోజులు విశ్రాంతి దొరుకుతుంది."

"టీవీ అంతా నీదే అమ్మా" అంది పెద్దది.

"మరి నా జడ ఎవరేస్తారు?" అంది చిన్నది. అక్క వేస్తానంది. దాంతో చిన్నదాని బెంగా తీరింది, చర్చా ముగిసింది. ఆయన గ్లాసు చాచాడు. ఇల్లాలు నీళ్ళు పోసింది.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా పరవాలేదంటారు. వడ్డించేది తానే అయితే మాత్రం ఏ బంతిలోనూ తనకు చోటుండదని ఇల్లాలికి ఆ పూట తెలిసింది. కోపం వచ్చింది. ఎవరి మీద పడాలో తెలియని కోపం. ఎవరూ ఆమెను వద్దనలేదు. నలుగురని చెప్పింది తనే, ఉండిపోతానంది తనే. అయినా అందరూ ఒక్క మెతుకు కూడా గొంతులో అడ్డం పడకుండా భోజనం ముగించి లేచారు. ఆ సంగతే ఆమెను గుచ్చింది. తన కంచం కడిగేటప్పుడు గిన్నెల మోత కొంచెం ఎక్కువైందిగానీ, హాల్లో ఎవరూ గమనించలేదు.

శుక్రవారం ఇల్లు ఖాళీ అయ్యాక కాగితాలు తీసుకుని కూర్చుంది. తను లేకుండా వీళ్ళు రెండు రోజులు గడపాలంటే అన్నీ రాసివ్వాలి. స్టవ్వు ఎలా వెలిగించాలి, ముందు అగ్గిపుల్లా ముందు గ్యాసా. టీకి ఎన్ని మూతల పొడి. బంగాళాదుంపలు ఉడికాయో లేదో ఫోర్కుతో ఎక్కడ గుచ్చి చూడాలి. అత్తయ్య మాత్రలు తెల్లది తినకముందు, పసుపుది తిన్నాక. చిన్నదానికి కొత్తచోట నిద్రపట్టకపోతే పాదాలు రుద్దాలి, మాట్లాడకూడదు. మాట్లాడితే ఇంక పడుకోదు. పెద్దది బాగానే ఉన్నానంటే నమ్మకూడదు, నుదుటి మీద చెయ్యి పెట్టి చూడాలి. ఆయనకు ఉల్లిపాయ కోసేటప్పుడు కళ్ళద్దాలు పెట్టుకోమని చెప్పాలి. రాస్తూ పోతే పది పేజీలు దాటాయి. తనకు ఇన్ని సంగతులు తెలుసని ఆమెకే తెలియదు. కలం ఎక్కడా ఆగలేదు, పదకొండో పేజీ దాకా.

పదకొండో పేజీ పైన 'ఆదివారం పొద్దున్న' అని రాసి కింద గీత గీసింది. 'లేవగానే గుడారం జిప్పు తీసి' అని రాసి ఆగింది. జిప్పు తీస్తే ఏముంటుంది? చలిగా ఉంటుందా, పిల్లలకు స్వెట్టరు ముందే వెయ్యాలా? గడ్డి తడిగా ఉంటుందా, చెప్పులు లోపల పెట్టుకోవాలా? నీళ్ళు కనిపిస్తాయా, మంచు కనిపిస్తుందా? ఏమో. పది పేజీలనిండా తనకు తెలిసిందే రాసింది. ఇది మాత్రం తెలియదు. తెలిసే అవకాశమూ లేదు, ఎందుకంటే వెళ్ళడంలేదు. వాళ్ళు వచ్చి చెబుతారు. చెబితే తెలిసేది కాదని నర్సు ముందే చెప్పింది.

కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కాగితం మీద పడకుండా పక్కకు జరిపి, పమిటతో కళ్ళు ఒత్తుకుంది. ఎవరూ చూడకుండా ఏడవడానికి ఇల్లంతా ఖాళీగానే ఉంది. అయినా ఏడవలేదు. "నేను చూడాలి" అని పైకే అంది. ఖాళీ వంటింట్లో తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. కలానికి మూత పెట్టి, చెప్పులేసుకుని, తాళం వేసి బయల్దేరింది.

కొట్టు బస్టాండు వెనక సందులో ఉంది. బొంగురు గొంతు కొట్టాయన మనిషి చూస్తే చువ్వలా ఉన్నాడు. చిరిగిన గుడారం ఒకటి ఒళ్ళో వేసుకుని, దబ్బనంతో కుడుతున్నాడు. వెనక అరలు వారం మొదట్లో నిండుగా ఉండి ఉంటాయి, ఇప్పుడు వాటిల్లో తాళ్ళూ, బకెట్లూ, ఒక విరిగిన మడతకుర్చీ తప్ప ఏమీ లేవు.

ఆమె గుడారం అనగానే గొంతు గుర్తుపట్టి, "చెప్పానుగదమ్మా, పెద్దవి లేవని" అన్నాడు.

"పెద్దది కాదండీ. ఏదైనా సరే. నాకు. నాకొక్కదానికి."

కొట్టాయన దబ్బనం గుడ్డకు గుచ్చి, ఆమె మొహం వంక చూశాడు. "ముందే అడగొచ్చుగదమ్మా! ఒక్కరిదైతే ఉంది. రెండేళ్ళనుంచి పడి ఉంది, ఎవరూ తీసుకోరు. మన దగ్గర ఒక్కరే వెళ్ళేవాళ్ళెవరు?" అంటూ లేచి, కుర్చీ ఎక్కి, అటకమీదినుంచి ముంజేయంత పొట్లం ఒకటి దించి దుమ్ము దులిపాడు. "అడగందే అమ్మైనా పెట్టదంటారు."

"అమ్మ అడక్కుండానే పెడుతుందండీ" అంది ఇల్లాలు. "అమ్మకే, అడిగినా పెట్టేవాళ్ళుండరు."

కొట్టాయనకు నవ్వాలో వద్దో తెలియలేదు. బయట అరుగు మీద పొట్లం విప్పి చూపించాడు. రెండే కడ్డీలు, ఆరు మేకులు. ఆమె కొట్టాయన్ని పక్కకు జరగమని తానే కడ్డీలు ఎక్కించి నిలబెట్టింది. కుట్లన్నీ వేలితో తడిమి, ఒకచోట దారం ఊడితే అక్కడే కుట్టించుకుంది. జిప్పు నాలుగుసార్లు లాగి వేసి చూసింది. పొడుగు ఆమె పొడుగుకు ఒక జానెడు ఎక్కువ, వెడల్పు చేతులు మడుచుకుంటే సరిపోతుంది. "ఒక పరుపు, ఒక బ్యాగు కూడా ఇవ్వండి" అంది.

సాయంత్రం ఆయన వచ్చేసరికి హాల్లో నాలుగు సంచులు వరసగా ఉన్నాయి. వాటి పక్కన ఐదోది ఉంది.

"ఇదేమిటి?"

"నా గుడారం."

ఆయన దాన్ని చేత్తో ఎత్తి బరువు చూశాడు. అత్తగారు టోపీ సర్దుకుంది. పెద్దది తల్లి మొహం వంక చూసింది. చిన్నది, "అమ్మ వస్తోంది!" అని గంతులేసింది. ఆ గంతులు చూశాక ఇల్లాలికి రాత్రినుంచీ ఉన్న కోపంలో సగం అక్కడికక్కడే కరిగింది. మిగతా సగం మాత్రం జాగ్రత్తగా దాచుకుంది, పనుంది దాంతో.

"నిన్ననే ఈ మాట అనుంటే నేనే వెతికేవాణ్ణి కదా" అన్నాడాయన తల గోక్కుంటూ.

"నిన్న మీరు నీ ఇష్టం అన్నారు. ఇదీ నా ఇష్టం."

ఆయన ఫ్రిజ్ మీది ప్లాను తీసి, బల్ల దగ్గర కూర్చుని, పెన్సిలు చెక్కుకున్నాడు. తప్పు చేసినప్పుడు ఆయన నోటితో ఒప్పుకోడు, పనిలో పడతాడు. "ఎక్కడ గీయను? మా పక్కనే?"

"కాస్త ఎడంగా."

"ఎంత ఎడం? కొలత చెప్పు."

"పిలిస్తే వినపడేంత. చెయ్యి చాస్తే అందనంత."

అది ఎన్ని సెంటీమీటర్లో ఆయనకు తేలలేదుగానీ, అడగడానికి ధైర్యం చాలక అంచనాగా గీశాడు. గడిలో ఏం రాయాలో ఒక క్షణం ఆలోచించి, 'తను' అని రాశాడు. ఇల్లాలు పదకొండు పేజీలూ తెచ్చి ఆ ప్లాను మీద పెట్టింది.

"ఇవి మీ దగ్గర ఉంచుకోండి. వంట, మాత్రలు, జడలు, అన్నీ ఇందులో ఉన్నాయి."

"నువ్వు వస్తున్నావుగా, ఇవెందుకు?"

"నేను రావట్లేదనుకునే కదా ఒప్పుకున్నారు, ఇవన్నీ మీరు చేసుకోగలరనేగా? అవి అలాగే ఉండనివ్వండి. నేనూ వస్తున్నాను, అంతే."

నలుగురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆమె మాత్రం నవ్వుతూనే ఉంది, కాబట్టి దెబ్బలాడటానికి ఎవరికీ సందు దొరకలేదు.

శనివారం బస్సు దిగి, మట్టిదారిన పావుగంట నడిచేసరికి సరస్సు వచ్చింది. ఎండ నీళ్ళ మీద పరుచుకుని ఉంది. ఒడ్డున గడ్డి, వెనక చెట్లు, అక్కడక్కడా వేరేవాళ్ళ రంగురంగుల గుడారాలు. ఇల్లాలు సంచి దించి, ఒక నిమిషం నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. ఏ పనీ గుర్తురాని నిమిషం ఆమెకు ఇంతకుముందు ఎప్పుడొచ్చిందో తెలియదు. ఆయనా పెద్దమ్మాయీ పెద్ద గుడారంతో కుస్తీ పట్టారు. ఆమె తన చిన్న గుడారాన్ని ఇరవై అడుగుల అవతల, నీళ్ళకు ఎదురుగా, ఒక్కతే నిలబెట్టింది. ఆరు మేకులూ రాయితో దిగ్గొట్టింది. ఆయన వచ్చి తాడు లాగి చూసి, "గట్టిగానే ఉంది" అన్నాడు. ఆ నోటినుంచి అది బంగారు పతకమే.

మధ్యాహ్నం టీ ఆయన పెట్టాడు. నాలుగో పేజీ మోకాలి కింద నొక్కిపెట్టుకుని, టీపొడి మూతతో కొలిచి, మూత అంచును వేలితో సమం చేసి వేశాడు. "నీళ్ళు మరిగాక అని రాశావు. మరగడమంటే చిన్న బుడగలా, పెద్ద బుడగలా?" అని అక్కణ్ణుంచే అరిచాడు. "పెద్దవి" అని ఇక్కణ్ణుంచే చెప్పింది. బంగాళాదుంపలు ఒక పక్క పచ్చిగా, ఒక పక్క మెత్తగా ఉడికాయి. చిన్నదాని జడ చెవి మీదినుంచి మొదలై ఎటో పోయింది. అయినా ఎవరో చేసి చేతికిచ్చిన టీ. ఇల్లాలు అది చల్లారేదాకా ఆగకుండా వేడివేడిగా తాగింది. నాలుక కాలింది, బాగుంది.

టీ గ్లాసులు కిందపెట్టారో లేదో, చెట్ల వెనకనుంచి మబ్బు వచ్చి, జల్లు మొదలైంది. అందరూ పరుగున గుడారాల్లో దూరారు. ఆమె తన దాంట్లోకి వెళ్ళి, జిప్పు వేసుకుని, వెల్లకిలా పడుకుంది. మొహానికి మూరెడు పైన గుడ్డ, దాని మీద టపటపా వాన. పక్కన ఎవరి మోచేయీ లేదు, ఎవరి ఊపిరీ లేదు. చేతులు రెండు వైపులా చాపితే గుడ్డ తగిలింది. అంతమేరా తనదే. ఎందుకో నవ్వొచ్చింది. ఒక్కతే పడుకుని నవ్వింది.

అటువైపునుంచి గోల వినిపిస్తోంది. ఎవరో ఎవరి కాలో తొక్కారు. "నాన్నా, ఇక్కడ కారుతోంది!" "కొలిచే వేశాను, కారదు!" కాసేపటికి తడిగడ్డిలో అడుగుల చప్పుడు, జిప్పు దగ్గర గోకిన శబ్దం. తీసి చూస్తే, ఉన్ని టోపీ మీద తువ్వాలు కప్పుకుని అత్తగారు వంగి నిలబడింది.

"కాస్త జరగవే అమ్మాయ్. అక్కడ వాడి మోచేయి నా డొక్కలో పొడుస్తోంది."

జరగడానికి ఆమె ఒళ్ళు అప్పుడే ఒక పక్కకు ఒత్తిగిలబోయింది. అలవాటైన ఒళ్ళు కదా. బలవంతాన ఆపుకుంది.

"ఇందులో ఒక్కరికే చోటు అత్తయ్యా."

ఇన్నేళ్ళలో అత్తగారికి ఆమె ఎదురుచెప్పడం అదే మొదలు. అత్తగారు కోపగించుకోలేదు. తువ్వాలు మీదినుంచి నీళ్ళు కారుతుండగా, మెడ చాచి లోపలంతా చూసింది. ఆ పరుపు, ఆ మూల, ఆ పైకప్పు.

"ఒక్కదానివే పడుకున్నావా?"

"ఊఁ."

"భయం వెయ్యట్లా?"

"లేదత్తయ్యా. చాలా బాగుంది."

అత్తగారు తువ్వాలు అంచు పిండుకుంది. "మేం ఆరుగురు అక్కచెల్లెళ్ళం, ఒకే చాప. పెళ్ళయ్యాక సరే, పిల్లలు. ఇప్పుడు మీ చిన్నది నా మీద కాలేసిగానీ పడుకోదు. ఒక్కదాన్నే తలుపేసుకుని పడుకోవడం నేనెరగను" అంది. అది ఫిర్యాదులా లేదు, ఇప్పుడే తెలిసిన సంగతిలా ఉంది.

ఇల్లాలికి జాలి వేసింది. జరిగి చోటిచ్చేద్దామా అనిపించింది. ఇస్తే ఇద్దరికీ ఇరుకే మిగులుతుందని కూడా అనిపించింది.

"రేపు మధ్యాహ్నం మీకిస్తాను. మీరొక్కరే పడుకోండి, ఎవర్నీ రానివ్వను" అంది. "ఇవాళ నాది."

"మాట తప్పకూడదు సుమా" అంది అత్తగారు. చెయ్యి లోపలికి చాచి కోడలి పాదాన్ని ఒకసారి తట్టి, జిప్పు తానే బయటినుంచి వేసి, బురదలో చూసుకుని అడుగులేస్తూ వెళ్ళిపోయింది.

వాన పెరిగింది. కొంచెంసేపటికి అటునుంచి ఆయన గొంతు. "అమ్మా, పొడి తువ్వాళ్ళు ఎక్కడ పెట్టిందో ఓసారి దాన్ని అడుగు."

"పడుకుంది. లేపకండి" అంది అత్తగారు.

"ఇప్పుడేగా నానమ్మా, నువ్వు మాట్లాడొచ్చావు?" అంది పెద్దది.

"నిద్రలో మాట్లాడింది. ఇంతమంది ఉన్నారు, ఒక్క తువ్వాలు వెతుక్కోలేరూ?"

నీలం సంచి, పక్క జేబు, మేజోళ్ళ కింద. ఆ మాట ఇల్లాలి నాలుక చివరిదాకా వచ్చింది. అటు సంచులు ఒక్కొక్కటే తెరిచి కుమ్మరిస్తున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఆమె పెదవులు బిగించి, కళ్ళు తెరుచుకునే, పొద్దున్న తాను తీయబోయే జిప్పు వంక చూస్తూ, నిద్రపోతున్న మనిషిలా కదలకుండా పడుకుంది.